బాలు మాట తప్పలేదా?

‘మరోచరిత్ర’ గురించి మన విద్యార్థుల్లో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు - అమరప్రేమ! 1978లో కె. బాలచందర్ తీసిన ఆ బ్లాక్ అండ్ వైట్ చిత్రంలో కనిపించేది మన విశాఖ, మన భీమిలి గనుక మమకారం మరికాస్త ఎక్కువే. నాకూ ఉంది. కమలహాసన్, సరితల నటనకి వంక పెట్టే సాహసం నేను చేయను. నా పేచీ అంతా బాలుతోనూ, బాలుని ఇట్టే క్షమించేసే మనతోనూ.

కథ తెలిసిందే. అరవ కుర్రాడు బాలు, పక్కింటి తెలుగు పిల్ల స్వప్న ప్రేమించుకున్నారు. ఏడాదిపాటు చూపులూ మాటలూ ఉత్తరాలూ లేకుండా విడిగా ఉండండి, ఆ తర్వాత కూడా ఇదే మాట మీద ఉంటే పెళ్ళి చేస్తామన్నారు పెద్దలు. ఏడాదిలో మరచిపోకపోతారా అని వాళ్ళ లోపలి ఆశ. ఈ కపటాన్ని అందరం పసిగట్టాం, తిట్టాం కూడా. పెద్దవాళ్ళని తిట్టడం మనకేమంత కష్టం గనక!

మరి బాలు సంగతేమిటి? స్వప్న వేరొకరిని పెళ్ళాడబోతోందని ఒకడు అబద్ధమాడితే నమ్మేశాడు. అది నిజమా అని తేల్చుకునే ఓపిక లేకపోయింది. వెంటనే హైదరాబాదులో పరిచయమైన సంధ్యని పెళ్ళి చేసుకోవటానికి సిద్ధమైపోయాడు. “పాపం, మోసపోయాడండీ, బాధలో ఉన్నాడు” అంటారు మిత్రులు. సరే, పాత్రలు మార్చి చూద్దాం. బాలు గురించి ఇలాంటి కబురే విని స్వప్న మర్నాడే మరొకడితో పీటలెక్కటానికి ఒప్పుకుని ఉంటే? థియేటర్లో ఒక్క కన్నయినా చెమ్మగిల్లేదా? “ఆడదాని ప్రేమ ఇంతేరా” అని నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఒకే తీర్పు వినిపించేది. అతను చేస్తే ఆవేశం, ఆమె చేస్తే ద్రోహం! స్వప్న మాత్రం ఆ ఏడాదంతా నిప్పులా ఉండాలి. ఉంది కూడా. అయినా చివర్లో అత్యాచారం పాలయింది ఆమే.

అసలు అన్యాయం జరిగింది సంధ్యకి. ఆమె వితంతువు. 1978 నాటి ప్రేక్షకుడికి వితంతువుని పెళ్ళాడతాననే యువకుడు సంస్కర్తగానే కనిపిస్తాడు. కానీ బాలుని ఆ పెళ్ళికి తోసింది సంధ్య మీద ప్రేమా కాదు, సంస్కరణా కాదు, స్వప్న మీద కోపం. ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు గిరీశం గుర్తుకొస్తాడు. 1892లో మన పక్క విజయనగరంలోనే మొదటిసారి రంగమెక్కిన ‘కన్యాశుల్కం’లో గిరీశం కూడా బుచ్చమ్మ ముందు వితంతు వివాహాన్ని తెగ పొగిడాడు గదా! బాలు గిరీశమంత మాయలమారి కాడు, ఒప్పుకుంటాను. అతని కన్నీళ్ళు నిజమైనవే. అయితే గురజాడ తన గిరీశాన్ని చూసి నవ్వమన్నాడు. చివరికి మధురవాణి చేత సౌజన్యారావు పంతులు ముందు అతని బండారం బయటపెట్టించాడు. బాలచందర్ తన బాలుని చూసి ఏడవమన్నాడు. మనం ఏడ్చాం, లెక్క అడగటం మరిచిపోయాం.

సంధ్య ఏం చేసింది? స్వప్న సంగతి తెలిశాక తానే విశాఖకి వచ్చి అపార్థం తొలగించింది. తనకి దక్కబోయిన సంసారాన్ని తన చేతులతోనే వదులుకుంది. ఇచ్చిన మాటకి విలువ తెలిసిన మనిషి ఆ చిత్రంలో, స్వప్న కాక, ఈమె ఒక్కతే. ఆమె అన్న పెట్టించిన రౌడీలు బాలుని కొట్టినప్పుడు హాలంతా అయ్యో అంది. ఆ అన్నగారి పద్ధతి దుర్మార్గమే, కాదనను. కాని అతని కోపానికి కారణం కల్పించింది ఎవరు?

భీమిలి వెళ్ళినప్పుడల్లా బాలు, స్వప్నల పేర్లు తలుచుకునే వాళ్ళని చూస్తూనే ఉంటాం. విశాఖ నుంచి ఒంటరిగా తిరిగి వెళ్ళిన సంధ్య తర్వాత ఎలా బతికిందని అడిగినవాళ్ళని మాత్రం నేనింతవరకు చూడలేదు.