పాడుబడలేదు, మూసేశారు

మూడేళ్ళ క్రితం ఒక యాత్రావ్యాసం రాశాను. ఇలాంటి వెబ్ పత్రికకే. ఉత్తర వేల్స్‌లో క్రోయ్సోర్ అనే చిన్న ఊరి పైనున్న పలకరాతి గనిలోకి దూరి, కొండ లోపల్లోపలే నడిచి, పాకి, తాళ్ళ మీద వేలాడి, అవతల రోసిద్ అనే ఇంకో గనిలోంచి బయటపడ్డ కథ. అక్కడివాళ్ళు దాన్ని త్రూ ట్రిప్ అంటారు. ఇటు దూరి అటు తేలడం. వ్యాసం బాగుందని చాలామంది మెచ్చుకున్నారు. మొన్న దాన్ని మళ్ళీ తెరిచి చదివాను. చీకటి ఉంది. నిశ్శబ్దం ఉంది. 'నాలోకి నేనే దిగుతున్నట్టుంది' అనే వాక్యం, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, రెండుసార్లు ఉంది. 'పాడుబడ్డ' అనే మాట పదకొండుసార్లు ఉంది.

ఆ గనిలో పనిచేసిన మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

ఇది నా ఒక్కదాని తప్పయితే దిద్దుకుని ఊరుకునేదాన్ని. కానీ మనందరికీ ఇదొక అలవాటైపోయింది. పాత మిల్లు, మూతపడ్డ థియేటరు, దిగుడుబావి, గని, ఏది కనబడినా దాని ముందు నిలబడి మన ఒంటరితనం గురించి రాసుకుంటాం. ఫోటో కింద 'శిథిల సౌందర్యం' అని పెడతాం. నా గొడవ ఆ సౌందర్యంతో కాదు. ఆ ఒక్క మాటతో.

'పాడుబడు' అనే క్రియని కాస్త పట్టి చూడండి. దానికి చేసినవాడు అక్కర్లేదు. ఆకు రాలినట్టు, బియ్యం పురుగు పట్టినట్టు, దానంతటదే జరిగిపోతుంది. గని పాడుబడింది. సరే, ఎవర్నడుగుతాం? కాలాన్ని అడగాలి. కాలం జవాబు చెప్పదు, కోర్టుకి రాదు, నష్టపరిహారం ఇవ్వదు. అదే 'గని మూసేశారు' అని చూడండి. నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే ప్రశ్నలు మొదలవుతాయి. ఎవరు? ఎప్పుడు? లోపల పనిచేసేవాళ్ళు ఏమయ్యారు? వాళ్ళకి రావాల్సింది ఇచ్చారా?

ముందు ట్రిప్పు సంగతి చెప్తాను, ఎందుకంటే అది నిజంగానే గొప్పగా ఉంటుంది. క్రోయ్సోర్ వైపు అడిట్‌లో, అంటే కొండలోకి అడ్డంగా తవ్విన సొరంగంలో, చల్లటి నీళ్ళలో నడుచుకుంటూ వెళ్తాం. తర్వాత లోపలి వాలు ఎక్కి, అక్కడనుంచి తాడు మీద ఒక్కొక్కళ్ళం కిందికి దిగుతాం. అందరూ దిగాక తాడు కిందికి లాగేస్తారు. ఇక వెనక్కి దారి లేదు, ముందుకే. నీళ్ళు నిండిన పెద్దపెద్ద చాంబర్లు. ఆ నీళ్ళ మీదుగా తీగలకి హార్నెస్ తగిలించుకుని జారడం, చెక్కలు కుళ్ళిపోయిన వంతెన దాటడం, చిన్న పడవలో తాడు పట్టుకుని లాక్కుంటూ పోవడం. ఐదారు గంటల తర్వాత రోసిద్ వైపు వెలుగు కనబడితే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. అబద్ధం చెప్పను, ఏడుపొచ్చింది.

ఆ రాత్రే ఫోటోలు మా మామయ్యకి వాట్సాప్ చేశాను. మాది మార్కాపురం. మామయ్య ఇరవై రెండేళ్ళు పలకరాయి పని చేశాడు, ముందు క్వారీలో, తర్వాత కోత మిషన్ దగ్గర. ఆయనకి నచ్చుతాయనుకున్నాను. ఫోన్ చేశాడు. నీళ్ళ గురించి గానీ వెలుగు గురించి గానీ ఒక్క మాట అనలేదు.

"ఆ గోడకి బెజ్జాలున్నాయి చూశావా అమ్మాయ్? మందు కూరిన బెజ్జాలవి. నీళ్ళు పెట్టి కొట్టేవాళ్ళా, పొడి డ్రిల్లేనా?"

నాకు తెలీదన్నాను.

"అన్ని గంటలు లోపలున్నావు, అదడగలా?" అన్నాడు. దగ్గొచ్చి ఫోన్ అత్తయ్యకిచ్చాడు.

ఆ ప్రశ్నకి నా వ్యాసంలో జవాబు లేదు. అసలు ఆ ప్రశ్నే లేదు. రాతిలో డ్రిల్లు దిగేటప్పుడు నీళ్ళు పెడితే ధూళి అణుగుతుంది. పొడిగా కొడితే లేస్తుంది. ఆ ధూళిలో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన సిలికా బయటికి రాదు, గాయం చేసి గట్టిపరుస్తుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. దానికి వైద్యం లేదు. పని మానేసిన తర్వాత కూడా ముదురుతుంది. మామయ్య ఒక్క ఫోటో చూసి అడిగింది ఇదంతా. నేను అక్కడ నిలబడి చూసింది నా హెల్మెట్ లైటు నీళ్ళలో ఎలా మెరిసిందీ అని.

ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను.

1890ల్లో వేల్స్ పలకరాతి గనుల్లోనూ క్వారీల్లోనూ దాదాపు 17,000 మంది పనిచేసేవాళ్ళు. ప్రపంచంలో ఎన్నో ఊళ్ళ ఇళ్ళకప్పులు వాళ్ళు చీల్చిన రాయే. భూగర్భంలో కొవ్వొత్తి వెలుగులో, తొడకి గొలుసు చుట్టుకుని రాతి ముఖం మీద వేలాడుతూ బెజ్జం కొట్టేవాళ్ళు. కూలీ రోజుకింతని కాదు. నెలకోసారి ఒక్కో ముఠా గని అధికారితో బేరం కుదుర్చుకోవాలి, ఈ రాయికి ఇంత అని. రాయి మంచిదైతే నాలుగు డబ్బులు, లేకపోతే అప్పు. మందుగుండు, కొవ్వొత్తులు వాళ్ళ ఖర్చే. తవ్విన రాతిలో పదింట తొమ్మిది వంతులు చెత్తగా పోయేది. ఇవాళ మనం ఫోటోలు తీసుకునే ఆ నల్లటి గుట్టలన్నీ అదే. చీల్చిన పలకలకి సైజుని బట్టి పేర్లుండేవి: రాణి, డచెస్, కౌంటెస్, లేడీ. చీల్చినవాడి పేరు మాత్రం దేనికీ పెట్టలేదు.

రోసిద్ పనివాళ్ళలో చాలామంది ఇళ్ళు దూరం. సోమవారం కొండెక్కితే శనివారం దాకా అక్కడే బారక్‌లలో పడుకునేవాళ్ళు. పైకప్పులు పోయి గోడలే మిగిలిన ఆ బారక్‌ల పక్కనే కూర్చుని నేను శాండ్‌విచ్ తిన్నాను. నా వ్యాసంలో అవి 'నిశ్శబ్దంగా నిలబడ్డ రాళ్ళు'.

నిశ్శబ్దం అన్నాను కదా, అది పచ్చి అబద్ధం. ఆ గనుల్లో కాబన్ అని ఉండేది, మధ్యాహ్నం తిండి తినే గది. అక్కడ సభాధ్యక్షుణ్ణి పెట్టుకుని రాజకీయాలు, మతం, కవిత్వం చర్చించేవాళ్ళు, పాటల పోటీలు పెట్టుకునేవాళ్ళు. 1884లో బాంగోర్‌లో విశ్వవిద్యాలయ కళాశాల తెరవడానికి క్వారీ పనివాళ్ళు తమ కూలీలోంచి చందాలిచ్చారు. క్వారీ పనివాడి కూతురు కేట్ రాబర్ట్స్ 1936లో 'ట్రైడ్ మెవ్న్ కఫ్యోన్' అని ఆ జీవితం మీదే వెల్ష్‌లో నవల రాసింది. పేరుకి అర్థం 'సంకెళ్ళలో పాదాలు'. ఇంత మాట్లాడిన చోటుకి వెళ్ళి, వెల్ష్‌లో ఒక్క ముక్క రాకుండా, 'ఎంత నిశ్శబ్దం!' అని రాసుకొచ్చాను.

ఇప్పుడు ధూళి సంగతి. ఆ రోజుల్లో క్వారీ ఆసుపత్రుల డాక్టర్లు కొందరు రాతిధూళి వల్ల హాని లేదని చెప్పారు. పనివాళ్ళ జబ్బులకి కారణం మరగబెట్టి మరగబెట్టి తాగే టీ అన్నారు. నవ్వొస్తుంది కదా? ఆ నవ్వు కాసేపు దాచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

క్రోయ్సోర్, రోసిద్ రెండిట్లోనూ 1930లో పని ఆగిపోయింది. తర్వాత కొన్నాళ్ళు క్రోయ్సోర్ గనిని పేలుడు పదార్థాలు దాచే గోడౌనుగా వాడారు. మిగతా గనులూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. దగ్గు మాత్రం మూతపడలేదు. ముసలివాళ్ళు పరిహారం కోసం అడిగితే వచ్చిన చిక్కేమిటంటే, దావా వెయ్యడానికి కంపెనీయే లేదు. మూసేసి వెళ్ళిపోయింది. 'పాడుబడ్డ గని' అంటే చట్టం భాషలో అర్థం ఇది: ప్రతివాది లేని కేసు.

ఆ కేసు ఎలా తేలిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1979 మార్చి 28న బ్రిటన్ పార్లమెంటులో కలహన్ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం. ఒక్కో ఓటూ లెక్కే. వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రి ఎంపీలు ముగ్గురు, పలకరాతి పనివాళ్ళకి పరిహారం చట్టం తెస్తామంటేనే ఓటేస్తామన్నారు. ఓటేశారు. ప్రభుత్వం 311-310తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కానీ ఆ చట్టం వచ్చింది. యజమాని కంపెనీ లేకుండా పోయినా, ధూళి జబ్బు పడ్డవాళ్ళకి ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలని. ఆఖరి గడియలో ఆ ముగ్గురూ పట్టుబట్టింది దీనికోసమే. గనులు పాడుబడ్డాయి, ఏం చేస్తాం అని వాళ్ళూ ఊరుకుని ఉంటే?

ఇక మార్కాపురం. మీలో ముప్ఫై దాటినవాళ్ళు అ ఆ లు దిద్దింది రాతి పలక మీదయితే, అది మా ఊరిదే అయ్యుండటానికి చాలా అవకాశం ఉంది. చెక్క చట్రం, నల్లటి రాయి, తడిగుడ్డతో తుడిస్తే వచ్చే ఆ వాసన. మన బాల్యజ్ఞాపకాల్లో పలక ఎన్నిసార్లు రాలేదు! పలక పగిలితే నాన్న కొట్టడం, బలపం తినడం, అక్షరాభ్యాసం రోజు పళ్ళెంలో బియ్యం పక్కన పలక. నేనూ రాశాను. ఆ పలక ఏ గుంటలోంచి వచ్చిందో, ఎవరు కోశారో ఎన్ని కథల్లో ఉంది? 1987లో కేంద్రం జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించి, ముందుగా పని మొదలుపెట్టాల్సిన చోట్లు ఎంచుకుంటే, శివకాశి అగ్గిపెట్టెల పక్కన, ఫిరోజాబాద్ గాజు పక్కన మార్కాపురం పలకల పేరుంది. మనకి అక్షరాలు నేర్పిన పలక, బడికెళ్ళాల్సిన పిల్లల చేతుల మీదుగా వచ్చింది. మా అమ్మ కూడా ఆ పిల్లల్లో ఒకత్తె. చట్రాలకి మేకులు కొట్టేది.

మామయ్య పనిచేసిన చోటు మూసేశారు. ఆయన పేరున్న మస్టరు లేదు, పీఎఫ్ లేదు, అక్కడ పనిచేశాడని చెప్పే కాగితం ముక్క లేదు. ఆసుపత్రి కార్డు మీద టీబీ అని రాసుంది. రెండుసార్లు టీబీ కోర్సు వాడాడు. తగ్గలేదు. ఏం పని చేసేవాడివని అక్కడ ఎవరూ అడగలేదు. బీడీలు తగ్గించమన్నారు. మామయ్య జీవితంలో బీడీ ముట్టలేదు. ఇందాక దాచుకోమన్న నవ్వు ఇప్పుడు తియ్యండి. వేల్స్‌లో టీ, మనకి బీడీ.

కొందరు మిత్రులు నాతో వాదించారు. యాత్రకి వెళ్ళినవాళ్ళంతా కార్మిక చరిత్ర రాయాలా? అందంగా ఉన్నదాన్ని అందంగా ఉందనకూడదా? అనొచ్చు. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. నన్ను ఆ గనిలోంచి క్షేమంగా బయటికి తెచ్చినవాళ్ళకి ఏ చాంబర్ ఎప్పుడు తవ్వారో, ఏ ఇనుప ముక్క దేనికి వాడారో తెలుసు. ఏళ్ళ తరబడి సెలవురోజుల్లో కొలతలు తీసి మ్యాపులు గీసింది అలాంటి ఔత్సాహికులే. వాళ్ళని అడిగితే చెప్పేవాళ్ళు. నేను అడగలేదు. నాకు చీకటి చాలింది.

ఇంకో వాదన: జరిగిపోయిన దుఃఖాన్ని తవ్వుకోవడం దేనికి, ఇప్పుడది వారసత్వ సంపద కదా? నిజమే, 2021లో వాయవ్య వేల్స్ పలకరాతి ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కానీ ఆ గుర్తింపుకి ముందే ఆ మనుషుల నవలలున్నాయి, యూనియన్ ఉంది, చట్టం ఉంది. మనం ఆ మూడూ దాటేసి నేరుగా శిథిల సౌందర్యానికి వచ్చేస్తున్నాం. రేపు మార్కాపురం దగ్గర నీళ్ళు నిండిన ఏ క్వారీ గుంట గట్టు మీదో ఎవరో డ్రోన్ ఎగరేస్తారు. పచ్చటి నీళ్ళు, నల్లటి గోడలు, చాలా బాగుంటుంది. కింద రాస్తారు, పాడుబడ్డ గని అని.

త్రూ ట్రిప్ అనే మాట కూడా మనదే, పనివాడిది కాదు. అతనికి ఇటు దూరి అటు తేలడం లేదు. దూరిన బెజ్జంలోంచే సాయంత్రం బయటికి రావాలి, రేపు మళ్ళీ అందులోకే దూరాలి. అటు తేలే సౌకర్యం చూడ్డానికి వెళ్ళినవాళ్ళది. కనీసం బయటికొచ్చాక రాసేటప్పుడైనా ఒక్క క్షణం ఆగొచ్చు.

ఆ పాత వ్యాసం దిద్ది సంపాదకులకి పంపాను. పదకొండు చోట్లా 'పాడుబడ్డ' తీసేసి 'మూసేసిన' అని పెట్టాను. అలా పెట్టగానే పదకొండు వాక్యాలూ సగంలో ఆగిపోయినట్టనిపించాయి, ఎవరు మూశారో చెప్పమని. చెప్పడానికి ఇంకో నాలుగు పేజీలు పట్టింది. లయ చెడిపోయింది, వ్యాసం పాతంత అందంగా లేదు.

మామయ్య అడిగినదానికి జవాబు కూడా అందులో చేర్చాను. పొడి డ్రిల్లే, మామయ్యా. అక్కడ కూడా చాలా ఏళ్ళు పొడిగానే కొట్టారు.