ఆంగ్ల సంభాషణా సంఘాలు ఎవరి కోసం?

మన పిల్లలు చదివే అనేక డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలల్లో నేడు ‘ఇంగ్లీష్ క్లబ్’ అనే పేరు గల బోర్డు కనిపిస్తున్నది. విద్యార్థులే సభ్యులుగా, విద్యార్థులే నిర్వాహకులుగా వారానికొకసారి కూడి, పరీక్ష భయం లేకుండా ఆంగ్లంలో మాట్లాడుకోవడం ఈ సంఘాల ఆశయం. ఆశయం ఉత్తమమైనదే. అయితే ఆచరణలో ఇవి ఎవరికి అక్కరకు వస్తున్నాయి, ఎవరిని గుమ్మం దగ్గరే నిలబెడుతున్నాయి అనే ప్రశ్నను ముస్లిం కుటుంబాలు తప్పక వేసుకోవాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన చట్టం ద్వారా ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ విభాగంలో 4 శాతం రిజర్వేషన్ లభించింది. న్యాయస్థానాలలో వివాదం నడిచినప్పటికీ, ఆ అవకాశం వల్ల మెకానిక్కుల, పండ్ల వ్యాపారుల, దర్జీల, ఆటో డ్రైవర్ల బిడ్డలు వృత్తి విద్యా కళాశాలల మెట్లెక్కగలిగారు. వారిలో చాలామంది తమ ఇంట కళాశాల చూసిన మొదటి తరం. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివి, ఒక్కసారిగా ఆంగ్లంలో సాగే పాఠాల మధ్య కూర్చున్నవారు. సెమినార్‌లో, వైవాలో, కంపెనీలవారు కళాశాలకే వచ్చి జరిపే ఇంటర్వ్యూలో వారికి విషయం తెలిసి కూడా మాట పెగలదు. సీటును చట్టం ఇచ్చింది. ఆ సీటులో కూర్చొని నోరు తెరిచే ధైర్యాన్ని చట్టం ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా. ఆ లోటు పూడ్చవలసినవి ఇటువంటి సంఘాలే.

మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాడిని. దస్త్రంపై తప్పు లేని ఆంగ్లంలో నోట్ వ్రాయగలిగిన సహోద్యోగులు, పై కార్యాలయం నుండి ఫోన్ వస్తే రిసీవర్‌ను పక్కవారి చేతికి అందించడం ఎన్నోసార్లు చూశాను. వ్రాయడం వేరు, మాట్లాడడం వేరు. మన పాఠశాలలు ఆంగ్లాన్ని వ్రాత పరీక్షగానే నేర్పుతాయి. మార్కుల జాబితాలో తొంభై ఉన్నంత మాత్రాన పిల్లవాడికి ఆంగ్లం వచ్చునని తల్లిదండ్రులు అనుకుంటారు. ఈతను పుస్తకంలో చదివి బావిలో దిగలేము కదా! మాట కూడా అంతే. మాట్లాడితేనే వస్తుంది, తప్పులు చేస్తేనే నిలుస్తుంది.

ఈ మార్గం మన సమాజానికి కొత్తది కాదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో 1875లో నాటిన విద్యాసంస్థ కళాశాలగా ఎదిగిన తరువాత, 1884లో అక్కడ సిడన్స్ యూనియన్ క్లబ్ ఏర్పడింది. కేంబ్రిడ్జ్ విద్యార్థుల యూనియన్‌ను ఆదర్శంగా తీసుకొని ఏర్పాటైన ఆ చర్చావేదికపై విద్యార్థులు లేచి నిలబడి వాదించడం, ఎదుటివాని మాట విని సమాధానం చెప్పడం అభ్యసించారు. తరగతి గది ఇవ్వలేని దానిని విద్యార్థుల సంఘం ఇవ్వగలదని నూట నలభై ఏళ్ల క్రితమే మన పెద్దలు గ్రహించారు.

బేగం రొకియా సఖావత్ హుస్సేన్ జీవితం మరొక పాఠం చెబుతుంది. ఆడపిల్లకు ఆంగ్లం, బెంగాలీ నేర్పడం ఇష్టం లేని ఇంట్లో, అన్నగారు రాత్రివేళ అందరూ నిద్రపోయాక దీపం వెలుగులో ఆమెకు చదువు చెప్పారు. ఆ చదువుతోనే ఆమె ఆంగ్లంలో వ్రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ కథ 1905లో మద్రాసు నుండి వెలువడే ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజీన్’లో అచ్చయింది. అటుపై కలకత్తాలో ముస్లిం బాలికల కోసం ఆమె పాఠశాల నడిపారు. దీపం పెట్టి కూర్చోబెట్టిన ఒక్క అన్న ఉంటే ఒక ఆడపిల్ల ఎంత దూరం వెళ్లగలదో దీనివల్ల తెలుస్తున్నది. నేటి అన్నలకు రాత్రి దీపం అక్కరలేదు. సాయంత్రం చెల్లెలిని క్లబ్ సమావేశానికి తీసుకువెళ్లి తీసుకువస్తే చాలు.

ఇక నేటి సంఘాల తీరు చూద్దాం. కొన్ని కళాశాలల్లో క్లబ్‌లో చేరడానికే ప్రవేశ పరీక్ష పెడుతున్నారు. ఆంగ్లం ధారాళంగా మాట్లాడగలవారినే ఎంపిక చేసుకుంటున్నారు. ఆకలితో ఉన్నవారిని బయట నిలబెట్టి, కడుపు నిండినవారికి విందు వడ్డించడం వంటిదిది. వార్షికోత్సవంలో వేదికపై ప్రసంగించడానికి, పోటీలలో కప్పులు తేవడానికి నలుగురు దొరికితే క్లబ్ విజయవంతమైనదని నివేదిక వ్రాస్తున్నారు. ఎంతమంది మౌనం వీడారన్న లెక్క ఏ నివేదికలోనూ కనిపించదు. ఇక ఉచ్చారణను అనుకరించి నవ్వడం మరొక జబ్బు. ‘స్కూల్’ అనబోయి ‘ఇస్కూల్’ అన్న పిల్లవాడు ఒకసారి నవ్వులపాలైతే మళ్లీ ఆ గడప తొక్కడు. సమావేశాలు తరగతులు ముగిశాక పెట్టడం వల్ల బస్సులో ఇరవై కిలోమీటర్లు పోవలసిన గ్రామీణ విద్యార్థి, చీకటి పడేలోగా ఇల్లు చేరవలసిన విద్యార్థిని తమంతట తామే తప్పుకుంటారు. ఎవరూ వారిని వెళ్లగొట్టరు. అయినా వారు లోపల ఉండరు.

మంచి సంఘం ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి. మా పట్టణంలో కొందరు యువకులు, ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయినులు ఆదివారం ఉదయం నడిపే చిన్న కూటమిని దగ్గరగా గమనిస్తున్నాను. ఏడెనిమిది మందిని ఒక గుంపుగా కూర్చోబెడతారు. పెద్ద సభలో ఇద్దరే మాట్లాడతారు, చిన్న గుంపులో అందరికీ వంతు వస్తుంది. చీటీ తీసి, అందులోని విషయంపై ఒక్కొక్కరు రెండు నిమిషాలు మాట్లాడతారు. బ్యాంకు మేనేజరుగా ఒకరు, రుణం అడిగేవారుగా ఒకరు, డాక్టరుగా ఒకరు, రోగి తల్లిగా ఒకరు నటిస్తారు. మాట మధ్యలో ఎవరూ తప్పు దిద్దరు. పెద్దవారు తప్పులను కాగితంపై వ్రాసుకొని, చివర పేర్లు చెప్పకుండా అందరికీ కలిపి వివరిస్తారు. దీనికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. ఒక గది, కొన్ని కుర్చీలు, ఒక ఆంగ్ల దినపత్రిక, నవ్వకూడదన్న ఒక్క నియమం చాలు.

మాతృభాష దీనికి అడ్డంకి అన్నది అపోహ. ‘జీరో’, ‘జూ’ అనే మాటల్లోని మొదటి ధ్వని తెలుగులో లేదు, ఉర్దూలో ఉన్నది. ‘జమీన్’, ‘నమాజ్’ అని పలికే మన పిల్లలకు అది పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, బడిలో హిందీ, ప్రార్థనలో అరబ్బీ వింటూ పెరిగిన పిల్లవాడు మరొక భాషకు భయపడవలసిన పని లేదు.

ఆంగ్లం మోజులో ఉర్దూ అడుగంటుతుందని బాధపడే పెద్దలున్నారు. ఆ బాధలో న్యాయమున్నది. కాని 1918లో ఉర్దూ మాధ్యమంలో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే ఆంగ్లం నిర్బంధ పాఠ్యాంశంగా ఉండేదని మరువరాదు. ఒక భాష వచ్చిందని మరొకటి పోదు. ఇంట్లో మాట్లాడడం మానేస్తే పోతుంది. ఫోన్‌లో యాప్‌లు ఉండగా సంఘం దేనికని అడిగేవారూ ఉన్నారు. యాప్ ముందు సిగ్గు పోవచ్చు గాని మనిషి ముందు సిగ్గు మనిషి ముందే పోవాలి. ఇక ఆంగ్లం వస్తే వివక్ష తొలగిపోతుందా? తొలగిపోదు. పేరు చూసి అద్దెకు ఇల్లు ఇవ్వనివాడు, పేరు చూసి దరఖాస్తు పక్కన పెట్టేవాడు ఆంగ్లం విని మారడు. కాని ఆ అన్యాయాన్ని కమిషన్ ముందు, న్యాయవాది ముందు, పత్రికల ముందు స్పష్టంగా నిలబెట్టగల గొంతు మనకు కావాలి.

కావున కార్యకర్తలకు నా విన్నపం. మీ ఊరి కళాశాల యాజమాన్యాన్ని కలిసి మూడు విషయాలు కోరండి. సభ్యత్వం ప్రవేశ పరీక్ష లేకుండా అందరికీ తెరిచి ఉండాలి. సమావేశం కళాశాల వేళల్లోనే జరగాలి. ఉర్దూ, తెలుగు మాధ్యమాల నుండి వచ్చినవారిని ముందుగా పిలవాలి. ప్రభుత్వ కళాశాల అయితే సంఘంలో సభ్యులెందరు, అందులో బాలికలెందరు, ఏటా ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎంత ఖర్చయింది అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. పది రూపాయల దరఖాస్తు చాలాసార్లు పెద్ద ధర్నా చేయలేని పని చేస్తుంది. మస్జిద్ కమిటీలు, షాదీఖానాల నిర్వాహకులు వారానికి ఒక పూట గది ఇవ్వాలి, అందులో ఆడపిల్లలకు అనువైన వేళ ఉండాలి. చదువుకొని ఉద్యోగాల్లో స్థిరపడినవారు ఆ గదికి నెలకు రెండు గంటలు ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఒకే మాట. పిల్లవాడు ఇంట్లో తప్పుల ఆంగ్లం మాట్లాడితే నవ్వకండి. విని, ‘ఇంకా చెప్పు బేటా’ అనండి.