అమెరికా అశ్వజాతులు: అందం ఒక్కటే చాలునా?

ఫ్రీమాంట్ నగరంలోని ఇర్వింగ్టన్ ప్రాంతానికి అశ్వచరిత్రలో విశిష్టస్థానం కద్దు. 1940 దశకంలో కొందరు బడిపిల్లలు అక్కడి కంకర క్వారీలలో మంచుయుగపు జంతువుల శిలాజాలను వెలికితీశారు. వాటిలో మామత్ ఏనుగులతోపాటు గుర్రాల ఎముకలూ ఉన్నాయి. అక్కడ దొరికిన శిలాజాల ఆధారంగానే 1951లో ఉత్తర అమెరికా ప్రాచీన చరిత్రలోని ఒక యుగానికి 'ఇర్వింగ్టోనియన్' అన్న పేరు వచ్చింది.

అశ్వకుటుంబానికి పుట్టినిల్లు ఉత్తర అమెరికాయే. అయినా సుమారు పదివేల ఏళ్ల క్రితం గుర్రం ఇక్కడ అంతరించిపోయింది. 1493లో కొలంబస్ రెండవ యాత్రతో అది ఓడలెక్కి ఈ ఖండాలకు తిరిగి వచ్చింది. స్పెయిన్ దేశస్థుల నుండి తప్పించుకొన్న గుర్రాల సంతతే మస్టాంగులు.

తక్కిన జాతులను తీర్చిదిద్దినది మానవుని అవసరం. వర్జీనియాలో పావుమైలు పందేలకు పేరుపడి, పిమ్మట పశువుల మందలను అదుపుచేయడంలో ఆరితేరినది క్వార్టర్ హార్స్. 1789లో పుట్టిన 'ఫిగర్' అనే ఒకే మగగుర్రం వెర్మాంట్‌లో మోర్గాన్ జాతికి మూలపురుషుడైంది. అది నాగలికీ, స్వారీకీ, పందేనికీ పనికివచ్చింది. మచ్చల అపలూసాను నెజ్ పర్స్ తెగవారు పెంచారు. 1877 యుద్ధంలో వారు ఓడిపోగా ఆ మందలు చెదిరిపోయాయి. 1938లో ఏర్పడిన సంఘం ఆ జాతిని మళ్లీ నిలబెట్టింది.

పనిని చూసి ఎన్నుకొన్నంతకాలం బలహీనత దాగలేదు. ప్రదర్శనలలో రూపానికే బహుమతులిచ్చినప్పుడు చిక్కు మొదలైంది. 1969లో పుట్టిన 'ఇంప్రెసివ్' అనే క్వార్టర్ హార్స్ కండల సౌష్ఠవానికి ప్రసిద్ధి చెందింది. దాని సంతానం వేలకు వేలుగా విస్తరించింది. దానితోపాటు ఒక వ్యాధీ విస్తరించింది. కండరకణాలలో సోడియం అయానులను లోనికి వదిలే ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారడమే దీనికి కారణమని 1992లో తేలింది. ఆ ద్వారం సరిగా మూసుకోక కండరాలు వణుకుతాయి, గుర్రం కుప్పకూలుతుంది, ఒక్కొక్కప్పుడు మరణిస్తుంది. పొటాషియం అధికంగా ఉండే ఆల్ఫాల్ఫా గడ్డి సైతం దానికి ముప్పే.

ఈ లోపపు జన్యువు తల్లిదండ్రులిద్దరినుండీ సంక్రమించిన పిల్లలను, 2007 నుండి పుట్టినవాటిని, క్వార్టర్ హార్స్ సంఘం నమోదు చేయడం మానింది. ఇది మెచ్చదగినదే గాని, సగం పని మాత్రమే. ఒక్క ప్రతి ఉన్నా వ్యాధి రావచ్చు. అది సంతానంలో సగానికి సంక్రమించవచ్చు. అటువంటి గుర్రాలను సంతానోత్పత్తికి వాడకపోవడమే న్యాయం.

పూర్వం మనుమంచి భట్టు తెలుగులో అశ్వశాస్త్రం రచించాడు. ఆనాటివారు సుడులు, వన్నెలు చూసి గుర్రం మేలుకీడులు నిర్ణయించేవారు. నేడు వెంట్రుకల కుదుళ్లతో జన్యుపరీక్ష చేయవచ్చు. పిల్లలకు గుర్రం కొనిపెట్టదలచిన తెలుగు తల్లిదండ్రులు వంశపత్రంతో తృప్తిపడక, పరీక్షాపత్రాన్ని కూడా అడగాలి. కొనేవారు అడిగిననాడు పెంచేవారూ మారక తప్పదు. నోరులేని ప్రాణికి మనిషి తెచ్చిపెట్టిన బాధను మనిషే మాన్పాలి.