మామిడి తెగులు - గుత్త పత్రము

పూత మీద తెల్లని బూడిద, పండు మీద నల్లని మచ్చ: ఈ రెండును చిత్తూరు, తిరుపతి ప్రాంతముల తోటలవారికి క్రొత్తవి కావు. పుష్యమాఘములలో రాత్రులు చల్లగను, పగళ్లు పొడిగను ఉన్నచో పూగుత్తులపై బూడిద చల్లినట్లు బూజు పట్టును; పూవు మాడును, పిందె రాలును. ఇది బూడిద తెగులు. రెండవది మచ్చ తెగులు. వాన గాని మంచు గాని తడి యిచ్చినంతనే యిది లేచును. లేతాకులపై నల్లని చుక్కలుగా కనబడి, పచ్చికాయ తోలులోనికి చొచ్చి, అచ్చట నిద్రించును. కాయ మాగునప్పుడు మేల్కొని పండును కుళ్లజేయును. కోసిననాడు నిగనిగలాడిన కాయ కొన్నవాని యింట చెడుటకు తరచుగా నిదియే కారణము. రైతు మోసగించెనని బేరగాడును, బేరగాడు నిలువయుంచి చెరచెనని రైతును వాదులాడుకొందురు. ఇరువురును తాము నిజమే పలుకుచున్నామని నమ్ముదురు.

మందు లేదా యనిన, కలదు. నిన్న నేడు పుట్టినదియు కాదు. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలవారు, దారినపోవువారు పండ్లు కోసికొనకుండ, బాటప్రక్క తీగెలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లుచుండిరి. ఆ తీగెలకు బూజు తెగులు సోకకుండుటను మిల్లార్డే యను పండితుడు 1882లో గమనించి, పరీక్షించి, 1885లో లోకమునకు వెల్లడించెను. దొంగల నుద్దేశించి చల్లినది తెగులుకు మందయ్యెను! 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తము, కిలో సున్నము చొప్పున కలుపు ఆ బోర్డో మిశ్రమము నేటికిని మచ్చ తెగులుకు నమ్మదగిన మందులలో నొకటి. బూడిద తెగులుకు నీట గలియు గంధకము లీటరుకు 3 గ్రాములు చాలును. పూత విప్పారి యీగలు వాలుచున్న సమయమున మాత్రము మందు చల్లరాదు. ఆ యీగలు లేనిచో పిందెయే లేదు.

మందు తెలిసియు తెగులేల మానదు? ఈ మచ్చ తెగులు వేసవిలో నెక్కడికిని పోదు. చెట్టునందలి యెండుపుల్లలలో, రాలిన యాకులలో దాగియుండి, మరుసటి తడికి మరల పుట్టును. కావున అసలు చికిత్స కోత ముగిసిన పిమ్మట, శ్రావణ భాద్రపదములలో, ఎండుపుల్లలను కోసి కాల్చుటతో నారంభము కావలెను. ఆ నెలలలో తోటలో నెవడుండును? మన ప్రాంతమున ననేక తోటలు పూత మీదనే గుత్తకు పోవును. గుత్తదారునకు ఆ యేటి కాయయే కావలెను. కోత ముగిసిన మరునాడు అతడు తోటవైపు చూడడు. యజమాని, రాబోవు గుత్తదారు మందు చల్లుకొనునులెమ్మని యూరకుండును. మా వృత్తిలో నిట్టి పత్రముల ననేకము చూచితిమి. సొమ్ము, గడువు, కాపలా, నీటివంతు అన్నియు వ్రాసికొందురు. ఎండుపుల్లల మాట యొక్కదానిలోను మాకు కనబడలేదు.

1919లో మద్రాసు రాజ్యమున పంటల చీడపీడల చట్టము చేయబడెను. చిత్తూరు నాడు ఆ రాజ్యములోనిదే. ప్రభుత్వము ప్రకటించిన తెగులు నణచుటకు విధించిన పనులు భూమి ననుభవించువాడు చేయవలెననియు, చేయనిచో అధికారియే చేయించి ఖర్చు రాబట్టవచ్చుననియు ఆ చట్టపు సూత్రము. సూత్రము మంచిదే. బూడిద తెగులు గాలితోను, మచ్చ తెగులు వానచినుకుతోను పోవును; గట్టు వాని నాపజాలదు. ఒక్కడు చల్లి పదిమంది మానినచో ఆ యొక్కని మందును వృథాయే. కాని ఖర్చు రాబట్టుట చెప్పిన చట్టము, ఆ ఖర్చు పెట్టుటకు రైతునొద్ద పైకమెట్లుండునో చెప్పలేదు.

2025 వేసవిలో తోతాపురి ధర పడిపోగా, గుజ్జు కర్మాగారములు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు, వెరసి 12 రూపాయలు రైతునకు చేరవలెనని నిర్ణయింపబడెను. అప్పటికిని కాయను రోడ్డుపై పారబోసినవారు కలరు. అట్టి రైతు శ్రావణమున కూలినిచ్చి యెండుపుల్లలు కోయించునా? గుజ్జుకు పోవు కాయకు మచ్చయున్న నేమని కొందరందురు. కుళ్లిన భాగమును కర్మాగారమువారును పారవేయవలసినదే గదా! ఆ తరుగు చివరకు రైతు ధరలోనే కోతపడును.

మా సూచన చిన్నది. గుత్త సొమ్ములో పదవ వంతును యజమాని చేతికీయక, గ్రామ సహకార సంఘమున నుంచవలెను. కోత ముగిసిన నెలలోపల ఆ సొమ్ముతో ఎండుపుల్లలు తీయించి, ఊరి తోటలన్నిటికి నొక్క వారములో మందు చల్లించవలెను. మరియొక పనికి దానిని ముట్టరాదు. యజమానులు దీనికి మొదట సమ్మతింపరని మే మెరుగుదుము. చేతికి వచ్చు సొమ్ము తగ్గుట యెవరికి రుచించును? కాని పూత మాడిన యేట గుత్తదారు బేరమును సగమునకు దించినప్పుడు పోవునది పదవ వంతు కాదు.

పూత బేరములు మొదలగుటకు ముందే ఈ షరతును పత్రమున చేర్చు విధమును వ్రాసి, కోరిన పఠనమందిరములకు పంపెదము. చదువురాని రైతునకు దానిని చదివి వినిపించు పని పాఠకులది.