ఎదుటివాడి బలహీనత మీ చేతి ముక్క కాదు

గచ్చిబౌలి ఫ్లాట్ల నుంచి మాండవి నది మీద తేలే గోవా కాసినోల దాకా, పోకర్ ఆడే మన కుర్రాళ్ల నోట ఒకటే మాట వింటున్నాను: "బల్ల మీద అందరూ చేపలే బాస్, ఏ ముక్కయినా ఆడేయొచ్చు." నా పేచీ ఆ మాట మీదే. అది లెక్కలా వినిపిస్తుంది గానీ, లోపలున్నది వట్టి పొగరు.

తొమ్మిదిమంది కూర్చున్న టెక్సస్ హోల్డెమ్ బల్ల. బ్లైండ్లు కట్టిన ఇద్దరి తర్వాత మొదట నోరు విప్పాల్సింది మీరే. చేతిలో అయిదుల జత, లేదా ఇస్పేటు ఏడు-ఎనిమిది. ప్రస్తుతానికి అవి ఏమంత కావు. బల్ల మీద కావలసిన ముక్క పడితే బంగారం. వీటిని అంత ముందు సీట్లోంచి ఆడొచ్చా? ఎదుట ఉన్నవాళ్లకి ఆట రాదు కాబట్టి ఆడొచ్చంటారు వీళ్లు.

లెక్క చూద్దాం. అయిదుల జతకి ఫ్లాప్‌లో మరో అయిదు తగిలేది వందలో దాదాపు 12 సార్లు. 100 రూపాయలకే ఫ్లాప్ చూడనిస్తే, తగలని 88 సార్లకి పోయేది 8,800. తగిలిన ప్రతిసారీ సగటున 730 పైన మిగిలితే గిట్టుబాటే. ఆట రానివాళ్ల దగ్గర అంత రాబట్టొచ్చు, ఒప్పుకుంటాను. కానీ మీ తర్వాత ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు. ఒక్కడు 500కి పెంచి, మీరు సరేనంటే, పోయేది 44,000. ఇప్పుడు తగిలినప్పుడల్లా సగటున 3,700 రావాలి. ఎంత అమాయకుడైనా, ఆ ఫ్లాప్ వాడికి కూడా ఏదో ఒకటి ఇస్తేనే కదా మీకు అంత ఇచ్చేది! ముందు సీటంటే ఇదే: ధర తెలియకముందే సరుకు కొనడం.

ఇక ఇస్పేటు ఏడు-ఎనిమిది. ఫ్లాప్‌లోనే ఫ్లష్ పడేది వందలో ఒక్కసారి కూడా కాదు. ఎక్కువసార్లు దొరికేది సగం ఫ్లష్, దాంతోపాటు ఇంకో ముక్క కోసం ఎదురుచూపు. తెలివైనవాడి మీదైతే గట్టిగా పందెం కాసి, భయపెట్టి పారిపోయేలా చేయొచ్చు. ఆట రానివాడు పారిపోడు. గెలవడానికి ఉన్న రెండు దారుల్లో ఒకటి అక్కడే మూసుకుపోయింది. పైగా ఆసుతో ఏ ఇస్పేటు ఉన్నా వదలనివాడు కూడా వాడే. మీ ఎనిమిది ఫ్లష్ పడిన రోజున వాడి ఆసు ఫ్లష్‌కి కప్పం కట్టేది మీరు.

వెంటనే డాయిల్ బ్రన్సన్ పేరు తీస్తారు. 1976, 1977 రెండేళ్లూ ప్రపంచ పోటీని ఆయన పది-రెండుతోనే ముగించాడు కదా అని. నిజమే. కానీ ఆ చివరి చేతుల్లో బల్ల దగ్గర మిగిలింది ఇద్దరే. తర్వాత మాట్లాడడానికి ఎనిమిదిమంది లేరు.

అసలు "బలహీనుడు" అనే మాటే మోసం. అన్నిటికీ కాల్ చేసేవాడూ బలహీనుడే, అన్నిటినీ రెయిజ్ చేసేవాడూ బలహీనుడే. మొదటి రకం నిండిన బల్ల మీద, ఎవడూ పెంచడని గంటసేపు చూసి తెలుసుకున్నాక, అయిదుల జతని ముందు సీట్లోంచి ఆడండి, నాకేం అభ్యంతరం లేదు. రెండో రకం ఒక్కడు మీ తర్వాత కూర్చున్నా పారేయండి. ఈ తేడా చూడాలంటే ఎదుటివాణ్ణి మనిషిగా గమనించాలి. "చేప" అని పేరు పెట్టేశాక ఇంక గమనించడానికి ఏముంటుంది?

ఇలా పోయే డబ్బు కంటికి ఆనదు. ఒక్క దెబ్బకి పోతే కనీసం మానేస్తారు. ఇది వందా అయిదొందలుగా, ప్రతి పాట్‌లో కాసినో కోసుకునే వాటాతో కలిసి, జీతంలోంచి జారిపోతుంది. పోయినప్పుడల్లా "వాడికి ఆడటం రాదు, లక్కుతో కొట్టాడు" అని వాణ్ణే తిడతారు. వాడికి ఆడటం రాదనే కదా మీరు ఆ ముక్కలు ఎత్తింది?