పాట విందురు, మాట వినరు

సంగీతముపై తీర్పు చెప్పుట మనవారికి వెన్నతో పెట్టిన విద్య. కచేరి ముగిసి పందిరి దాటకముందే ఎవరి శ్రుతి తప్పినది, ఎవరి తాళము జారినది తేలిపోవును. ఈ అలవాటును మేము నిందింపము. వినువారు తీర్పరులు కాని నాడు పాడువారు సోమరులగుదురు. కాని క్రొత్తగా వెలువడుచున్న స్వతంత్ర సంగీతపు ఆల్బములను గూర్చి ఇండ్లలో పెద్దలును, పత్రికలలో సమీక్షకులును వెలిబుచ్చుచున్న అభిప్రాయములను చూడగా, ఈ తీర్పరులందఱును ఒక్క చెవితోనే వినుచున్నారని మాకు తోచుచున్నది. రెండవ చెవిని గూర్చి చెప్పుటకే ఈ వ్యాసము.

యువకులు ఇండీ అని పిలుచు సంగీతము సినిమా కథ కోరగా పుట్టినది కాదు. నలుగురైదుగురు స్నేహితులు ఒక బ్యాండుగా చేరి, తమకు నచ్చిన పాటను తమకు తోచిన రీతిని కట్టి, రికార్డు చేసి లోకము మీదికి వదలుదురు. బెంగుళూరున అగం అను బ్యాండు అట్టిది. అది 2012లో ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ అను ఆల్బమును, 2017లో ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ అను ఆల్బమును వెలువరించినది. గిటారును డ్రమ్సును మ్రోగుచుండగా త్యాగరాజస్వామి కృతులను పాడుట దాని ప్రసిద్ధికి ముఖ్యకారణములలో ఒకటి. మొదటి ఆల్బములో హంసనాద రాగపు ‘బంటురీతి’ ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ అను పేరుతోను, రెండవదానిలో నళినకాంతి రాగపు ‘మనవ్యాలకించ’ ‘మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్’ అను పేరుతోను వచ్చినవి. మన పిల్లలు ఈ పాటలను చెవులలో పెట్టుకొని బస్సులలో పోవుచున్నారు. తమ అవ్వ పాడగా వినని కృతిని వారు బ్యాండు పాడగా విన్నారు. కావున ఇది మన ఇంటి విషయమే.

ఇట్టి పాటలపై అభిప్రాయములు రెండు పక్షములుగా చీలినవి. అపచారమని ఒక పక్షము. అద్భుతమని ఒక పక్షము. రెండింటితోను మాకు తగవు కలదు.

మొదటి పక్షమునకు సమాధానము చెప్పుట కష్టము కాదు. నేడు వయొలిన్ లేని కర్ణాటక కచేరిని మనము ఊహింపలేము. అది పడమటి వాద్యము. దానిని మన సంగీతమునకు తెచ్చినవారిలో ముఖ్యులు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితులే స్వయముగా పాశ్చాత్య వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చిరి, వానినే నొట్టుస్వరములందుము. 1969లో పాలకొల్లున పుట్టిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ చేపట్టినపుడు పెదవి విఱిచినవారు లేకపోలేదు. 2014లో ఆయన కన్నుమూసినపుడు ఆ వాద్యము మనది కాదన్నవారు మాకు కనబడలేదు. వాద్యమునకు కులగోత్రములు లేవు. గిటారు మాత్రము చేసిన పాపమేమి?

మా అసలు తగవు రెండవ పక్షముతో. వారి పొగడ్తలలో ఏమున్నది? గిటారు ఎక్కడ ఉప్పొంగినది, డ్రమ్సు ఎంత బిగువుగా నడచినది, రాగము రాక్‌తో ఎట్లు కలసినది. ఇంతే. మేము చదివిన సమీక్షలలో పెక్కింటియందు అది తెలుగు పాట యను ముక్కయే లేదు. ‘కర్ణాటక సాహిత్యము’ అని ఒక్క మాట వ్రాసి ముందుకు సాగిపోదురు. కర్ణాటకసంగీతమను పేరుగల భాష యొకటి లోకములో ఉన్నట్లు! ఇంగ్లీషు పాట వచ్చినచో పాదము పాదమును విప్పి అర్థము చెప్పు ఈ సమీక్షకులే, తెలుగు పాట వచ్చునప్పటికి దానిని నోటితో వాయించు మఱియొక వాద్యముగా భావించుచున్నారు.

దీనివలన నష్టమేమని అడుగవచ్చును. చెప్పుచున్నాము. ‘బంటురీతి’లో త్యాగయ్యగారు కోరినదేమి? రాముని కొలువున బంటు ఉద్యోగము. ఆ బంటునకు పులకరింతయే కవచము, రామభక్తుడను పేరే ముద్రబిళ్ళ, రామనామమే ఖడ్గము, లోని శత్రువులను ఓడించుటయే విధి. ఇది సిపాయి వేషము ధరించిన పాట. దీనికి డ్రమ్సు మ్రోత తగునా, తగదా? ఒక విధమున తగునేమో! అట్లు వాదించు విమర్శకుడు మాకు మిత్రుడు. ఆ బంటు చేయునది కత్తి దూయు యుద్ధము కాదు, లోపలి పోరాటము, కావున ఆ మ్రోత తగదని వాదించువాడును మాకు మిత్రుడే. ఏలయన ఇరువురును మాట విన్నవారు. హంసనాదమను పేరును బట్టి సరస్వతి హంసలను తలచుకొని, బంటును మఱచినవాడు మాత్రము సగము పాటయే విన్నవాడు.

‘మనవ్యాలకించ’ సంగతి మఱియు విచిత్రము. తన విన్నపమును వినుమని కవి తన మనస్సునే బ్రతిమాలుచున్నాడు. ఆ పేరులో ‘మనవి’, ‘ఆలకించు’ అను రెండు మాటలు సంధి కలసియున్నవి. ‘మన’ అని ఆగి, ఊపిరి తీసి, ‘వ్యాల’ అని ఎత్తుకొన్నచో విన్నపము పోయి పాము వచ్చును. వ్యాలమనగా పాము గదా! ఇది ఏ యొక్క బ్యాండు తప్పో అని మేము చెప్పుట లేదు. అంచు పంచెలు కట్టి పాడు వేదికలపై గూడ ఇట్టి విఱుపులను విని తల వంచుకొంటిమి. తెలుగు మాటలు అచ్చుతో ముగియును. ఆ చివరి అచ్చు మీదనే రాగము నిలిచి ఊగును. మద్దెలయైనను, డ్రమ్సైనను, దెబ్బ ఆ అచ్చు మీద పడినచో మాట కుంటును. ఇవన్నియు చెవికి తెలియు విషయములు. వీనిని ఎత్తి చూపనివాడు ఏమి విమర్శకుడు?

మాట వినవలెనని పట్టుపట్టినవారు మన ప్రక్కనే ఉన్నారు. 1941లో చిదంబరమున అన్నామలై విశ్వవిద్యాలయపు సభలోను, 1943లో మద్రాసున తమిళ ఇసై సంగము స్థాపించినపుడును, తమకు తెలిసిన భాషలో పాటలు వినవలెనని తమిళులు కోరిరి. ఆనాడు మనవారు పెక్కురు నొచ్చుకొనిరి. మేము నేడు నిర్మొగమాటముగా చెప్పుచున్నాము: వారి ప్రశ్న న్యాయమైనది. అర్థము కాని పాటకు తల ఊపుట ఎంతకాలమని వారడిగిరి. తెలుగు కృతులు అక్కఱలేదని ఎవరైన అన్నచో అది వేఱు తగవు; ఆ ప్రశ్న మాత్రము మనలను మనము అడుగుకొనవలసినదే. మనము వారిపై అలిగితిమి గాని, మన పాటకు మనము అర్థము చెప్పుకొంటిమా?

నేటి స్వతంత్ర సంగీతములో గూడ ఈ తగవు లేచినది. 2021 మార్చిలో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామి’ అను తమిళ పాట దేశమంతట మ్రోగినది. దాని మాటలు వ్రాసినవాడు అఱివు. తేయాకు తోటలలో చెమటోడ్చిన తన వంశపువారి కథ ఆ మాటలలో కలదు. ఆ యేడు ఆగస్టులో ఒక ప్రసిద్ధ సంగీత పత్రిక ముఖచిత్రముపై ఆ పాటను ఆయనతో కలసి పాడిన ధీ కనబడినది, అఱివు కనబడలేదు. చలనచిత్ర దర్శకుడు పా. రంజిత్ మొదలైనవారు బహిరంగముగా అభ్యంతరము తెలిపిరి. మాట వ్రాసినవానిని మఱచిన సమీక్ష అన్యాయమని కేక వేయగల జనము ఆ భాషకున్నది. మైసూరు వాడైన రఘు దీక్షిత్ 2008లో తన తొలి ఆల్బమున శిశునాళ షరీఫుల తత్త్వమును గిటారుతో పాడినపుడు, అది ఎవరి తత్త్వమో కన్నడిగులకు ఒకరు చెప్పవలసిన పని లేకపోయినది. మన కృతి ఇంగ్లీషు పేరుతో వెలువడినపుడు మనలో ఎవరు కేక వేసిరి?

ఇచ్చట మా తప్పును గూడ ఒప్పుకొనవలెను. ఒక ఉగాదినాటి సాయంకాలము మా సంఘపు యువకులు గిటారుతో ఈ ‘బంటురీతి’నే పాడిరి. ముందువరుసలోని పెద్దలు మొగము చిట్లించిరి. వారిలో ఒకరి మనుమడు, ఎనిమిదేండ్ల వాడు, “తాతా, బంటు అంటే ఏమి?” అని అడిగెను. ఆయన “ఊరకుండరా, పాట చెడగొట్టుచున్నారు” అని కసరిరి. పిల్లవాడు మా వైపు తిరిగెను. సేవకుడని చెప్పి ఊరకుంటిమి. కవచమేదో, బిళ్ళయేదో, ఖడ్గమేదో ఆనాడు మాకును తెలియదు. ఇంటికి వచ్చి పుస్తకము తెఱచి నేర్చుకొంటిమి. పాట చెడగొట్టినది వేదికపైనున్న యువకులా, ముందువరుసలోనున్న మేమా?

మనము తరతరములుగా పరభాషల నడుమ నివసించు కుటుంబములవారము. హోసూరున, కోలారున, బరంపురమున, షోలాపురమున మన పిల్లలు బడిలో వేఱొక లిపి నేర్చుచున్నారు. తమిళ లిపిలో వ్రాసికొన్న కృతిలో క, ఖ, గ, ఘ నాలుగింటికిని ఒక్కటే అక్షరము. పిల్లవాడు ఏది పలుకవలెనో చెవియే చెప్పవలెను. చెప్పగల చెవి ఇంటిలో లేనిచో ఆ నాలుగును ఒక్కటియే అగును. యానాము పిల్లలకు తెలుగు బడి ఉన్నదని నిశ్చింత పడరాదు; చదువ వచ్చినంత మాత్రమున మాట వినుట రాదు. మనలో పెక్కు ఇండ్లలో నేడు మిగిలిన తెలుగు సాహిత్యము పుస్తకములలో లేదు, పాటలలో ఉన్నది. ఆ పాటలో మాట చచ్చినచో మనకు మిగులునది స్వరము మాత్రమే. స్వరమునకు భాష లేదు.

తెలుగు ఇంట పుట్టినవారే తెలుగు పాడవలెనని మా వాదము కాదు. క్షేత్రయ్య పదములను కడుపులో పెట్టుకొని కాపాడినది మద్రాసున వీణ ధనమ్మాళ్ కుటుంబము. తంజావూరు సీమ మెలట్టూరున నేటికిని తెలుగు భాగవతమేళ నాటకము ఆడుచున్నారు. కైవారమున గాజులమ్మిన నారేయణ తాతయ్య తెలుగు తత్త్వములను కన్నడ సీమ భజనమందిరములలో పాడుచున్నారు. త్యాగయ్యగారే తమిళ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమువారు. పరదేశమున బ్రదికిన తెలుగే నేడు దేశమెల్ల పాడు తెలుగైనది! పుట్టుక కాదు, శ్రద్ధ ముఖ్యము. బెంగుళూరు బ్యాండు యువకులను మేము అడుగునదియు ఆ శ్రద్ధయే. వారి సమీక్షకులను అడుగునదియు అదే.

కావున ఇకమీద ఏ క్రొత్త ఆల్బము వచ్చినను తీర్పు చెప్పబోవు ముందు మన చదువరులు మూడు ప్రశ్నలు వేసికొందురు గాక. పాడినవారు మాటను ఎక్కడ విఱిచిరి? వాద్యముల మ్రోత ఆ మాట అర్థమునకు తోడు వచ్చినదా, అడ్డు వచ్చినదా? కవి పేరును, భాష పేరును అట్టపై ఉన్నవా, లేవా? ఈ మూడింటికి సమాధానము చెప్పిన పిమ్మట అపచారమనుడు, అద్భుతమనుడు, మేము చెవియొగ్గి విందుము.

సంఘముల పెద్దలకు ఒక మనవి. వచ్చు ఉగాదికి యువకుల బ్యాండును వేదికపైకి రానిండు. వారు పాడుటకు ముందు ఆ పాట అర్థమును ఒక పిల్లవానిచేత అయిదు నిమిషములు చెప్పింపుడు. చెప్పవలసిన పిల్లవాడు ముందుగా ఇంటిలో తాతను అడుగును. తాత ముందుగా పుస్తకము తెఱవవలసి వచ్చును. ఆ పుస్తకము తెఱచిన యింట తెలుగు ఇంకొక తరము బ్రదుకును.