చిన్నారి పెళ్లికూతురు ఏం చెప్పింది, ఏం వదిలేసింది?

"మొదట్లో ఎంత బాగుండేదో! తర్వాత తర్వాత చెడగొట్టారు." 'చిన్నారి పెళ్లికూతురు' సీరియల్ పేరెత్తితే చాలు, చూసినవాళ్ళ నోట ఈ మాటే వస్తుంది. అది అయిపోయి చాలా ఏళ్ళయింది. అయినా నాట్లకాడ, డ్వాక్రా మీటింగు మొదలయ్యే ముందు, ఆటోలో కూలికి పోతూ మన ఆడవాళ్ళు ఇప్పటికీ ఆనంది కథ తవ్వుకుంటూనే ఉంటారు. ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడ దారి తప్పింది అని వాదించుకుంటారు. ఇదేదో పొద్దుపోని ముచ్చట అని తీసిపారేసే పెద్దమనుషులున్నారు. మేం అలా అనుకోవడం లేదు. తమ బతుకులో ఉన్న పుండును టీవీలో చూసుకున్న మనుషులు ఇచ్చే తీర్పు ఇది. ఆ తీర్పును విని, దానికి మా మాట ఒకటి కలపాలని ఇది రాస్తున్నాం.

ముందు సంగతేమిటో చెప్పుకుందాం. దీని అసలు పేరు 'బాలికా వధు'. హిందీలో కలర్స్ చానెల్ లో 2008 జులై 21న మొదలై 2016 జులై 31న ముగిసింది. రెండు వేల ఎపిసోడ్లు దాటింది. కథ పూర్ణేందు శేఖర్ ది. రాజస్థాన్ లో జైత్సర్ అనే ఊరు, ఆ ఊళ్ళో ఒక హవేలీ, ఎనిమిదేళ్ళకే ఆ హవేలీకి కోడలిగా వచ్చిన ఆనంది, ఆమె మొగుడు జగదీష్ అనే ఇంకో పిల్లవాడు. మా టీవీ దీన్ని తెలుగు మాటలతో మన ఇళ్ళకు తెచ్చింది. చిన్న ఆనందిగా వేసిన అవికా గోర్ 2013లో 'ఉయ్యాల జంపాల'తో తెలుగు సినిమాలో హీరోయిన్ అయితే, మనవాళ్ళు ఆ అమ్మాయి పేరు చెప్పుకోలేదు. "మన చిన్నారి పెళ్లికూతురు సినిమా" అనే పోయి చూశారు. అంత దగ్గరైపోయింది.

ఎందుకు దగ్గరైంది? అప్పటిదాకా సీరియల్ అంటే పట్టుచీరలు, మేడలు, అత్తాకోడళ్ళ ఎత్తులు, పైఎత్తులు. అందులో పల్లె లేదు. పిల్ల లేదు. ఈ సీరియల్ మొదటి రెండేళ్ళూ ఒక పసిపిల్ల కళ్ళతో నడిచింది. ఆడుకోవడానికి పోతే తిట్లు. తలమీంచి ముసుగు జారితే తిట్లు. చదువుమీద ప్రాణం పెట్టుకున్న పిల్ల బడి నాయనమ్మ మాటతో ఆగిపోతుంది. అమ్మ దగ్గరికి పోతానంటే ఇదే నీ ఇల్లు అంటారు. ఆమె స్నేహితురాలు ఫూలి పెళ్ళంటే ఏమిటో తెలియకముందే విధవ. ఆడబిడ్డ సుగ్నా కాపురం మొదలెట్టకముందే మొగుణ్ణి పోగొట్టుకుంటుంది, అప్పటికే కడుపుతో ఉంటుంది. పేదింటి పిల్ల గహనాను డబ్బిచ్చి తెచ్చి రెండింతల వయసున్న బసంత్ కు కట్టబెడతారు. ఇవి చూసి మన తల్లులు కళ్ళు తుడుచుకున్నది ఆనంది కోసం ఒక్కదాని కోసమే కాదు. తమ కోసం. పన్నెండేళ్ళకీ పదమూడేళ్ళకీ పుస్తె కట్టించుకున్నవాళ్ళు మన వాడల్లో ఎంతమంది లేరు?

నాయనమ్మ కళ్యాణీదేవి సంగతి వేరే చెప్పాలి. ఆ వేషం వేసిన సురేఖా సిక్రీ నాటకరంగం నుంచి వచ్చిన మనిషి, మూడుసార్లు జాతీయ అవార్డు అందుకున్న నటి. 2021 జులైలో చనిపోయారు. ఆమె చూపుకే ఇల్లంతా వణికేది. అయితే ఆమెను ఉత్త రాక్షసిగా చూపించి వదిలిపెట్టలేదు. తానూ ఒకప్పటి చిన్నారి పెళ్ళికూతురే. తన మీద పడిన దెబ్బను తిరిగి మనవరాళ్ళ మీద వేస్తున్నది. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా మారి, చివరికి ఆవిడే బాల్యవివాహానికి ఎదురు తిరిగింది. సీరియల్ అభిమానులు ఎన్ని ముక్కలుగా చీలినా ఈ ముసలమ్మ దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట. ఒక మనిషి మారడానికి ఎంత కాలం పడుతుందో అంత కాలమూ తీసుకుని చూపించారు. రెండున్నర గంటల సినిమాకు అది చేతకాదు. రోజూ వచ్చే సీరియల్ కే సాధ్యం.

ఇక తగువంతా తర్వాతి కాలం గురించి. 2010లో కథ అయిదేళ్ళు ముందుకు దూకింది. ఆనంది పెద్దదైంది, ప్రత్యూషా బెనర్జీ వచ్చింది. జగదీష్ డాక్టరు చదువుకు ముంబై పోయి, అక్కడ గౌరిని చేసుకుని, ఆనందిని వదిలేశాడు. 2012లో ఆనంది కలెక్టర్ శివ్ ను పెళ్ళాడింది. 2013లో ఆనందికి మళ్ళీ ముఖం మారింది, తోరల్ రాస్పుత్రా వచ్చింది. 2014లో శివ్ ను చంపేశారు. ఆ తర్వాత పిల్లను ఎత్తుకుపోవడాలు, తప్పిపోవడాలు, మళ్ళీ కొన్నేళ్ళు దూకడాలు. ఎత్తుకుపోయిన కూతురు నింబోలి ఇంకో ఊళ్ళో ఇంకో చిన్నారి పెళ్ళికూతురైంది. చివరికి ఆ కూతురు డాక్టరైంది.

కొందరు 2010తోనే సీరియల్ అయిపోయిందంటారు. కొందరు శివ్ ఉన్నంతకాలం బాగుందంటారు. కొందరికి నింబోలి కథలో మొదటి రోజుల వాసన మళ్ళీ తగిలింది. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. వారానికి అయిదారు రోజులు కథ నడవాలి. వారం వారం రేటింగు వస్తుంది. రేటింగు పడితే ప్రకటనలు పడతాయి. అంకెలు చూసి కథ మలుపు తిప్పుతారు. నటులు మానేస్తే ముఖం మారుస్తారు, లేదా పాత్రను చంపేస్తారు. బియ్యం అయిపోయాక గంజిలో నీళ్ళు పోసి కుండ నింపినట్టు ఎనిమిదేళ్ళు నింపాలంటే ఎంత మంచి రచయితకైనా కథ పలచబడుతుంది. దీనికి నటులను తిట్టి లాభం లేదు.

అయితే శివ్ తో పెళ్ళి దగ్గర మన వాడల్లో వినిపించిన ఒక మాట ఏ పత్రికలోనూ రాలేదు. మొగుడు వదిలేసిన కోడలికి అత్తమామలే తల్లిదండ్రులై మళ్ళీ పెళ్ళి చేయడం గొప్ప విప్లవంగా చూపించారు. నెలల తరబడి కన్నీళ్ళు, సంకోచాలు. మన ముసలమ్మలు "వాడు పోతే పోయాడు, ఇంకొకణ్ణి చేసుకోక ఇంత ఏడుపేంటే" అన్నారు. చాలా శ్రమకులాల్లో మారుమనువు తాతల కాలం నుంచీ ఉంది. దాన్ని మోటుతనమన్నారు, నీతిలేనితనమన్నారు. అదే పని హవేలీలో జరిగితే సంస్కరణ అయింది! ఆ పెళ్ళి చూపించినందుకు మాకు సంతోషమే. కానీ ఎవరి నియమాన్ని దేశం నియమంగా చూపిస్తున్నారో గమనించమంటున్నాం.

మేం కలపదలిచిన మాట ఇక్కడే ఉంది. అభిమానులు మంచి కాలం, చెడ్డ కాలం అని గీత గీస్తారు. గీతకు ఇవతలా అవతలా కూడా లేనిది ఒకటుంది. అది కులం. మొదటి ఎపిసోడ్ నుంచి ఆఖరి ఎపిసోడ్ దాకా పసిపిల్లల పెళ్ళికి కారణం ఆచారం అన్నారు, మూఢనమ్మకం అన్నారు, పేదరికం అన్నారు. రోజూ ఎపిసోడ్ చివర తెరమీద ఒక నీతివాక్యం వేశారు. ఆ ఆచారం దేనికోసం పుట్టిందో మాత్రం అడగలేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ దానికి 1916 మే నెలలోనే జవాబు చెప్పారు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఈ మూడూ కులాన్ని కాపాడడానికి పెట్టిన కంచెలని తేల్చారు. పిల్లకు ఊహ తెలిసి, మనసు పుట్టి, గీత దాటకముందే ముడి వేసెయ్యాలి. అదీ అసలు లెక్క. కంచె గురించి రెండు వేల ఎపిసోడ్లు తీసి, కంచె లోపల ఏముందో చెప్పకపోతే ఎట్లా?

అదే రాజస్థాన్ లో భటేరి అనే ఊరుంది. భన్వరీదేవి కుమ్మరి కులం ఆడమనిషి. మహిళాభివృద్ధి పథకంలో ఊరి కార్యకర్త. 1992లో పై కులం ఇంట్లో ఏడాది కూడా నిండని పసికందు పెళ్ళిని ఆపడానికి పూనుకుంది. కక్షగట్టి ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. ఆ అన్యాయం మీద రేగిన పోరాటం నుంచే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చింది. ఇవాళ ఆఫీసుల్లో ఆడవాళ్ళకు ఉన్న రక్షణకు పునాది ఆ కుమ్మరి ఆడమనిషి పడ్డ కష్టం. జైత్సర్ లో ఆనంది సర్పంచైంది. బాగానే ఉంది. హవేలీ కోడలు సర్పంచైతే ఊరు దండం పెడుతుంది. రిజర్వేషన్ లో గెలిచిన మన ఆడబిడ్డకు సొంత పంచాయతీ ఆఫీసులో కుర్చీ కోసం కొట్లాడాల్సి వస్తుంది. బాల్యవివాహాన్ని ఎదిరించే మనిషి ఏ కులంలో పుడితే ఎంత మూల్యం చెల్లించాలో సీరియల్ చూపించి ఉంటే, అది వేరే కథ అయ్యేది.

ఇది బాల్యవివాహాలను ప్రోత్సహిస్తున్నదని, ఆపేయాలని 2009లో శరద్ యాదవ్ లోక్ సభలో అడిగారు. మేం ఆ మాట ఒప్పుకోం. చూపించడం తప్పు కాదు. సగం చూపించడంతోనే పేచీ.

సగం చూపించడం వల్ల మనకు జరిగిన నష్టం ఒకటుంది. తలపాగాలు, ఘాగ్రాలు, ఇసుక చూసి ఇది రాజస్థాన్ వాళ్ళ ఆచారం అనుకున్నాం. మరి లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు రాజస్థాన్ లో నూటికి 25.4. తెలంగాణలో 23.5. ఆంధ్రప్రదేశ్ లో 29.3! దేశం మొత్తం మీద 23.3. అంటే ఎవరి కథ చూసి జాలిపడ్డామో వాళ్ళకంటే ఆంధ్ర ముందుంది. తెలంగాణ కూడా దేశం సగటు కింద లేదు.

మన దగ్గర హవేలీ లేదు, ముసుగూ లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు కాకపోయినా పదహారేళ్ళ పిల్లకు ముడి పడుతోంది. బడిపంతుళ్ళుగా మేం రోజూ చూస్తున్నదే చెబుతున్నాం. పది అయిపోతుంది. కాలేజీ ఊరికి దూరం, బస్సు లేదు. తల్లీ తండ్రీ మిరపకోతలకో, ఇటుక బట్టీలకో వలస పోవాలి, ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదలాలి? పై కులం పోకిరి కన్ను పడుతుందని మాల మాదిగ పేటల్లో భయం. మా పిల్ల కింది కులం కుర్రాడితో పోతుందని ఊళ్ళో భయం. "ఏదన్నా జరగకముందే చేసేద్దాం" అనే మాట రెండు చోట్లా ఒకటే. మొదటి భయం కులం పెట్టిన బాధ, రెండో భయం కులం పెట్టిన అహంకారం. ముడి పడేది మాత్రం పసిపిల్ల మెడకే. అంబేద్కర్ చెప్పిన కంచె ఇదే.

అందుకే ఆ సీరియల్ అభిమానులకు మేం చెప్పేదొకటే. మీ వాదన మానొద్దు. ఆనందిని, ఆ ముసలమ్మను తలుచుకోండి. తలుచుకున్నప్పుడు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, అందులో లేనిది కూడా చెప్పండి. భన్వరీదేవి పేరు చెప్పండి. 2006లో చేసిన బాల్యవివాహ నిషేధ చట్టం 2007 నవంబర్ 1 నుంచి, అంటే సీరియల్ కంటే ముందే అమల్లో ఉందని చెప్పండి. చిన్నప్పుడు కట్టిన తాళిని వద్దనుకుంటే ఇరవై ఏళ్ళు నిండేలోపు కోర్టుకు పోయి ఆ పెళ్ళిని రద్దు చేయించుకునే హక్కు ఆడపిల్లకు ఉందని చెప్పండి. ఎక్కడన్నా చిన్నపిల్ల పెళ్ళి జరగబోతోందని తెలిస్తే 1098కి ఫోన్ చెయ్యమని చెప్పండి.

కార్యకర్తలకు ఒక పని. పది పరీక్షలు అయిపోయిన రోజు నుంచి కాలేజీలు తెరిచేదాకా ఉన్న రెండు నెలలే మన పల్లెల్లో పెళ్ళిళ్ళ కాలం. ఈసారి మీ వాడలో, పక్క వాడలో, ఊళ్ళో పది రాసిన ఆడపిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. జూన్ లో ఒక్కొక్క పేరు ఎదురుగా ఆ పిల్ల ఏ కాలేజీలో చేరిందో రాయండి. ఖాళీగా మిగిలిన పేరు దగ్గరికి ఆ రోజే నడిచి వెళ్ళండి.